చెవిలో అత్తరు దూది

చిత్తూరు బజారులో అత్తర్లు అమ్మే ఫకృద్దీన్ చెవిలో అత్తరు దూది లేకుండా గడప దాటిన రోజు, నలభై ఏళ్ల కాపురంలో రహిమున్నీసా ఎరగదు. అలాంటి మనిషిని తిరుపతి ఆసుపత్రికి రప్పించి, ఇక్కడికి అత్తరు పూసుకుని రాకూడదంటే ఏం చేస్తాడు పాపం!

మెడలో రక్తనాళాలు సన్నబడి తలకు చాలినంత రక్తం ఎక్కడం లేదట. ఏడాదిగా ఆయనకు నిన్న విన్న మాట ఇవాళ గుర్తుండదు. పొద్దున నాస్తా తిని, గంటకల్లా మళ్లీ నాస్తా ఏదీ అంటాడు. మందులతో పాటు గాజు పెట్టెలో పడుకోబెట్టి, ఒత్తిడి పెంచి, ముప్పై రోజులు ఆక్సిజన్ పెట్టి చూద్దాం, బాగవుతుందని మాత్రం మాటివ్వలేను అంది డాక్టరమ్మ. ఇవ్వకపోతే మానె. ఆ కాస్త ఆశనే రహిమున్నీసా కొంగున ముడేసుకుంది.

పెట్టె నిండా ఆక్సిజనే. నూనె, సెంటు ఏది లోపలికి పోయినా నిప్పు రాజుకునే ప్రమాదం. పెట్టె నడిపే ధనశేఖర్ మొదటి రోజే చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఏం లాభం? మూడో రోజు శుక్రవారం. నమాజు నుంచి నేరుగా వచ్చిన ఫకృద్దీన్ చెవి మడతలో దూది, పెట్టె మూయబోతూ ధనశేఖర్ కంటబడింది! పక్కనే కూర్చున్న రహిమున్నీసాకు వాసనే తెలియలేదు. ఇన్నేళ్లు అత్తరులో నానిన ముక్కు, ఎట్లా తెలుస్తుంది?

"నా గుండె జారిపోయింది బీబమ్మా. ఇంకొకసారి అత్తరుతో వస్తే పేరు కొట్టేస్తారు, నా చేతిలో లేదు" అన్నాడు ధనశేఖర్.

ఆ రోజు నుంచి ఆమె పోలీసు అయిపోయింది. ఇంట్లోని అత్తరు బుడ్లన్నీ అంగడికి పంపేసింది. తనూ పూసుకోవడం మానేసింది. రోజూ పెట్టె గది ముందు ఆయన చెవులు తడిమేది, జేబులు వెతికేది. చక్కిలిగిలి పుట్టి ఆయన మెలికలు తిరిగేవాడు. నర్సులు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ!

ఇరవై రెండో రోజు జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే అత్తరు బుడ్డి! ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"యా అల్లా! నీకు బుద్ధుండాదా? ఇంత దూరం వచ్చినాక పేరు కొట్టేస్తే నేను ఎవరి కాళ్లు పట్టుకోవాల?" అని కేకలేసింది. ధనశేఖర్ లేచి వచ్చాడు.

ఫకృద్దీన్ తొణకలేదు. "మూత తీసినానా? సూడు, పైన లక్క అట్లే ఉండాది. నాకు గాదు, నీకే. మా తమ్ముడి చేత అంగట్లోంచి తెప్పించినాను."

"నాకెందుకు?"

"నిన్న బస్సులో, చంద్రగిరి దాటినాక అనింటివి గదా? అత్తరు వాసన లేక ఇల్లు ఇల్లు మాదిరి లేదు, వంటింట్లో నిలబడితే ఏడుపొస్తాంది అని. నేను లోపలికి పోయినాక పూసుకో. రేపు కడుక్కోని వద్దువులే."

రహిమున్నీసా కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడనుకుని, తనలో తాను గొణుక్కున్న మాట అది. అన్నానన్న సంగతి ఆమే మరిచిపోయింది.

ధనశేఖర్ లక్క చూసి బుడ్డి మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు. "పర్వాలేదులేమ్మా, దీనికి ఏడుస్తారా?"

"దీనికి గాదు నాయనా. నిన్న నేను అనింది ఈయప్ప ఈ పొద్దు చెప్తాండాడు" అంటూ అందరి ముందే మొగుడి చేయి పట్టుకుని భోరుమంది.