నూట పాతికలో కొంగ

ఊళ్ళోవాళ్ళ మీద అసూయ పుడితే తలుపేసుకుని కూర్చోవచ్చు. కట్టుకున్న భార్య మీద పుడితే ఎక్కడికని పోతాడు? తెనాలిలో ఫొటో స్టూడియో నడిపే ఆరిఫ్ పాట్లు సరిగ్గా అవే.

ముస్లిం పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు మగ ఫొటోగ్రాఫర్ అడుగుపెట్టడు. అందుకని అటువైపు వీడియో తీసే పని భార్య నగ్మాకు తనే అప్పగించాడు. అప్పగించినవాడు ఊరుకోవచ్చు కదా! ఆల్బమ్ కోసం వచ్చిన ప్రతివాళ్ళూ అతని ఫొటోలు గబగబా తిరగేసి, "అక్క తీసిన వీడియో ఏదండీ?" అని అడిగేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి కడుపు మండిపోయేది.

రేపల్లెలో శేషగిరిరావుకు రైస్ మిల్లుంది. ఆయన బియ్యం బస్తాల మీద కొంగ బొమ్మ ఉంటుంది. వచ్చే ఏడు క్యాలెండర్‌కు ఎగిరే కొంగ ఫొటో కావాలనీ, తీసినవాళ్ళ పేరు కింద అచ్చు వేయిస్తాననీ ఆయన కబురు చేశాడు. ఆరిఫ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇన్ని పెళ్ళిళ్ళు తీశాడు గానీ, ఏ ఇంటి గోడ మీదా అతని పేరు కనబడలేదు. ఈసారి కనబడాలి. తనదొక్కటే కనబడాలి.

బాపట్లలో ఓ పెళ్ళి ముగించుకుని మర్నాడు పొద్దున్న ఇద్దరూ బండి మీద తిరిగొస్తుంటే, దారి పక్క పొలంలో దమ్ము చేస్తున్నారు. ట్రాక్టర్ వెనక బురదలో పురుగులు ఏరుకుంటూ కొంగలు గుంపు కట్టాయి. ఆరిఫ్ బండాపి కెమెరా తీశాడు. నగ్మా కూడా తన కెమెరా తీసింది.

"నేనూ ఒకటి తీసి చూస్తానండీ. ఫొటోకి షట్టర్ ఎంతలో పెట్టాలి?"

ఎగిరే పిట్టకు రెండు వేలు పెట్టాలని ఆరిఫ్‌కు తెలుసు. సెకనులో రెండువేలో వంతు సేపే షట్టర్ తెరుచుకోవాలి, లేకపోతే రెక్కలు అలుక్కుపోతాయి. తన కెమెరాలో అదే పెట్టుకున్నాడు. నోరు మాత్రం వేరే మాట పలికింది.

"నూట పాతిక చాలు."

"అంత తక్కువా?"

"నాకు తెలీదా ఏంటి?"

నగ్మా నూట పాతికే పెట్టుకుంది. అతనికి లోపల్లోపల ఒకటే సంబరం. తియ్యవే తల్లీ, సున్నం మరకలాంటి కొంగను తియ్యి, అనుకున్నాడు.

పాపం, ఒక్క సంగతి మర్చిపోయాడు. వీడియోకు అలవాటుపడ్డ చెయ్యి ఒకచోట గురిపెట్టి ఆగదు, కదిలే మనిషి వెంట తనూ కదులుతుంది. పెళ్ళికూతురి వెంట, పరుగులు తీసే పిల్లల వెంట అలా తిరిగీ తిరిగీ నగ్మాకు అదే పద్ధతైపోయింది. కొంగ లేవగానే నడుం దగ్గర్నుంచి మెల్లగా తిరుగుతూ, దానితోపాటే కెమెరాను పోనిచ్చింది. కెమెరా పిట్టతో సమంగా కదిలితే నూట పాతికలోనూ పిట్ట ఒళ్ళు చెదరదు.

వారం తిరక్కుండా ఇద్దరూ రేపల్లె వెళ్ళి మిల్లు ఆఫీసులో ఫొటోలు ఇచ్చారు. ఆరిఫ్ తీసిన కొంగకు ఈక ఈకా కనబడుతోంది గానీ, మేకు కొట్టి గోడకు తగిలించినట్టుంది. నగ్మా కొంగకు కన్నూ ముక్కూ స్పష్టంగా ఉన్నాయి. రెక్కలు మాత్రం గాలిలో కలిసిపోతున్నాయి. వెనక పొలమంతా చారలు చారలుగా పరిగెడుతోంది.

"ఇదీ ఎగరడమంటే! ఎట్లా తీశావమ్మా?" అన్నాడు శేషగిరిరావు.

"మా ఆయన చెప్పిన సెట్టింగేనండి," అంది నగ్మా మురిసిపోతూ.

ఆఫీసులో వాళ్ళంతా ఆరిఫ్ వైపు తిరిగారు.

"ఆ రహస్యమేదో మాకూ చెప్పవయ్యా!"

ఆమె గెలిచింది చాలక, ఆ గెలుపు తనకు దానం చేస్తోంది. ఇక ఓర్చుకోలేకపోయాడు.

"చెడిపోవాలనే చెప్పానండి."

అందరూ పకపకా నవ్వారు. "భలే వేళాకోళంగా మాట్లాడతావయ్యా!" అని శేషగిరిరావు అతని భుజం తట్టాడు. నగ్మా ఒక్కతే నవ్వలేదు.

తెనాలి రైలు కదిలింది. అప్పుడు నగ్మా నెమ్మదిగా అంది.

"నా ఫొటో నచ్చితే నా పేరు పక్కన మీ పేరు కూడా వెయ్యమని, మనం బయల్దేరకముందే ఆయనకి ఫోన్‌లో చెప్పానండీ. ఇప్పుడు మళ్ళీ ఫోన్ చేసి మీది తీయించెయ్యమంటారా?"

తీయించమంటే కాస్త మర్యాదైనా మిగిలేది. అది ఆరిఫ్‌కూ తెలుసు. కిటికీలోంచి పొలాల వైపు చూపు తిప్పుకున్నాడు.

"ఉండనీలే," అన్నాడు.

మళ్ళీ ఆమె వైపు తిరిగి, "ముందు ఎవరి పేరు వేస్తారంట?" అని అడిగాడు.