మామా బీరువా

మామా వచ్చేసరికి గచ్చు అద్దంలా ఉండాలని ఓబులేసు ఆ ఉదయం కూడా చెప్పాడు. అరబ్బు యజమానురాలిని పనివాళ్ళు మామా అనీ, ఆమె మొగుణ్ణి బాబా అనీ పిలవాలి. ఎక్కడి మామా! ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన రెండో రోజే ఆ ఇంటామె పిల్లల్నీ నగల్నీ కారులో వేసుకుని, మొగుడితో సౌదీకి వెళ్ళిపోయింది. జహ్రాలోని ఆ ఇంటికి కాపలాగా డ్రైవర్ ఓబులేసునూ, అతని పెళ్ళాం గంగాదేవినీ వదిలేసింది. ఇరవై రోజులుగా గంగాదేవి ఎవరూ తిరగని గదులు తుడుస్తోంది, ఎవరూ పడుకోని మంచాలకు దుప్పట్లు మారుస్తోంది. తనకే సిగ్గుగా ఉంది. కానీ ఆరేళ్ళుగా పనిమనిషి బతుకు, ఊరికే కూర్చుంటే భయం వేస్తుంది. ఓబులేసు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, ఇది ఉప్పు తిన్న ఇల్లు మే అంటాడు. ఆ ఉప్పు వేసి వండిందీ, వడ్డించిందీ, అందరూ తిన్నాక గిన్నె అడుగు గీరుకుని తిన్నదీ తనేనని ఆమె ఎన్నడూ అనలేదు.

పది గంటలకు ఓబులేసు అక్క రెడ్డెమ్మ వచ్చింది. రెండు వీధుల అవతల ఇంట్లో ఆమెదీ ఇదే పని. ఆమెకు వీసా ఇప్పించిన యజమాని, కఫీల్, కూడా పారిపోయాడు. మధ్యాహ్నం మనవాళ్ళ బస్సులు బస్రా మీదుగా అమ్మాన్‌కు పోతున్నాయనీ, అక్కణ్ణించి విమానమనీ, పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాళ్ళను ముందు ఎక్కిస్తున్నారనీ చెప్పింది. నిన్న పక్క సందులో సైనికులు ఫ్రిజ్జుతో పాటు పనిపిల్లను కూడా లారీ ఎక్కించారని గొంతు తగ్గించి చెప్పింది.

అక్కా తమ్ముళ్ళకు మాటా మాటా పెరిగింది. బాబాకు మాటిచ్చాను, నాలుగు రోజుల్లో యుద్ధం ఖలాస్, ఇల్లు వదిలిపోతే ద్రోహం అన్నాడు తమ్ముడు.

"మనల్ని సంతలో కొనుక్కున్నాడా రా ఆయప్ప?" అంది అక్క.

అయినా పాస్‌పోర్టులు మామా బీరువాలో ఉన్నాయి, తాళంచెవి ఆమె దగ్గరుంది, ఎట్లా పోతారని ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. ఆరేళ్ళుగా అదే ఆఖరి మాట. రెండేళ్ళ కింద గంగాదేవి తల్లి చనిపోయింది. ఊరికి పంపమని మొగుడి కాళ్ళు పట్టుకుంటే, అతను లోపలికి వెళ్ళొచ్చి, మామా బీరువా తెరవనంటోందని చెప్పాడు. ఆ రోజు గంగాదేవి ముప్పైమంది చుట్టాలకు వండింది. కళ్ళు తుడుచుకునే తీరిక కూడా దొరకలేదు. ఆ తర్వాత మామా ముఖం చూసినప్పుడల్లా ఆమె లోపల్లోపల శపించేది.

ఇప్పుడు ఆమె వంటింట్లోంచి మసాలా దంచే ఇనుప రోకలి తెచ్చింది. స్పూను కింద పడితేనే వణికే మనిషి! మెట్లెక్కి, మామా గదిలో బీరువా ముందు నిలబడి రోకలి ఎత్తింది. ఓబులేసు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"పగలగొట్టగాకు. మామా సూస్తే నన్ను సంపుతాది. పాస్‌పోర్టులు దాంట్లో లేవు."

"యాడుండాయి?"

"నా పెట్లో. మీ యమ్మ పోయిన పొద్దే బాబా రెండూ తీసిచ్చినాడు, నిన్ను పంపీమని. పోతే తిరిగి రావని నేనే..."

ఏడ్చినప్పుడు రాని నిజం, కాళ్ళు పట్టుకున్నప్పుడు రాని నిజం, బీరువాకు సొట్ట పడుతుందంటే వచ్చింది. వెనకే మెట్లెక్కి వచ్చి అంతా విన్న రెడ్డెమ్మ తమ్ముణ్ణి తిట్టిపోసింది. గంగాదేవికి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. మామా మంచిదేం కాదు. చెప్పుతో కొట్టింది, ఎండలో నిలబెట్టింది. కానీ తల్లి కడచూపు దక్కకుండా చేసినవాడు రెండేళ్ళుగా తన పక్కలోనే పడుకున్నాడు.

ఆమె రోకలి కింద పెట్టి తమ గదికి వెళ్ళి, అతని పెట్టెలోంచి రెండు పాస్‌పోర్టులూ తీసింది. తనది రవికలో దోపుకుని, అతనిది అతని చేతికిచ్చింది. ఓబులేసు గేటుకు అడ్డం నిలబడ్డాడు. దారి పొడుగునా సైనికులున్నారన్నాడు. మొగుణ్ణి వదిలి యాడికి పోతావని అడిగాడు.

"మా యమ్మను సూసేకి పోతాండా," అంది గంగాదేవి. "రెండేండ్లు ఆలీసమైంది. పక్కకు జరుగు."

ఓబులేసు జరగలేదు. రెడ్డెమ్మే తమ్ముణ్ణి రెక్క పట్టుకుని పక్కకు లాగింది.