బర్రె మాయకు కట్టిన రాయి

మా మరిది రామచంద్రయ్యకు తెలియని విషయమంటూ లేదు. భూముల లెక్క చూసే గిర్దావరు ఇబ్రహీంపట్నం వస్తే పక్కన నిలబడి తల ఊపే మనిషి కాబట్టి, వానల దగ్గర్నుంచి కాన్పుల దాకా అన్నీ తను చెప్పినట్టే జరగాలనుకునేవాడు. ఆయన భార్య అరడజను మందిని కన్నది. ఒక్క కాన్పుకైనా ఈయన గడప దగ్గర కూడా లేడు.

నా మగడు పోయాక ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి మిగిలింది ఒక బర్రె. మంచాల ఊళ్లోని నా పుట్టింటివాళ్లు ఇచ్చారు. దాని పాలతో నా తిండి నేను తింటున్నాను. అది చస్తే మరిది వేసే ముద్దకు చెయ్యి చాపాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఆ బర్రె ఒకరోజు పొద్దున దుడ్డెను ఈనింది. సాయంత్రమైనా దాని వెనక రావాల్సిన మాయ పడలేదు, సగం వేలాడుతోంది. రామచంద్రయ్య మీసం దువ్వుకుంటూ కొట్టంలోకి వచ్చాడు, వెనక జీతగాడు ఎల్లా.

"ఎల్లా, రాయి కట్టురా. బరువుకు అదే పడ్తది."

అప్పట్లో అందరూ మాయకు చిన్న రాయో పాత చెప్పో కట్టేవాళ్లు. ఈయన చిన్నవాటితో ఆగే మనిషి కాడు. ఎల్లాతో కారం నూరే రోలు తెప్పించాడు.

"వద్దు రామచంద్రా. లోపల ఇంక వదల్లే. రేపటి దాక చూద్దాం," అన్నాను.

"నీకేం ఎరుక వదినె? నువ్వేమన్న కన్నవా?"

నాకు పిల్లలు లేరు. ఎల్లా నా మొహం చూడకుండా రోలు కట్టాడు.

బర్రె గర్భసంచి లోపలంతా గుండీల్లాంటి కండలుంటాయి. మాయ వాటికి తగులుకుని ఉంటుంది. అవి వాటంతట అవి వదలాలి. ముందే లాగితే మాయ ఒక్కటే రాదు.

బర్రె ఒక్కసారి ముక్కింది. జోలెను తిరగేసినట్టు గర్భసంచి లోపలిది బయటికి తిరిగి, ఎర్రగా మోకాళ్ల దాకా జారింది.

"సూసినవా, పడ్డది. తీస్కపోయి పెంటల పూడ్చురా," అన్నాడు రామచంద్రయ్య.

"బర్రెను గూడ పూడుస్తవా? అది మాయ గాదు, గర్భసంచి."

ఆయన వంగి చూశాడు. అది కొట్టుకుంటోంది. గోడ పట్టుకుని బయటికి పోయి వాంతి చేసుకున్నాడు.

రోలు తాడు కోసేసి పక్కింటి బుగ్గమ్మను పిలిచాను. బర్రె వెనక కాళ్ల కింద మట్టి ఎత్తు చేసి గోనె పరిచాం. సంచిని తడి చీర మీద పట్టుకుని, ఒక్కో గుండీ నుంచి మాయను మెల్లగా ఒలిచాం. వాపు దిగాలని చక్కెర చల్లాం. బర్రె ముక్కినప్పుడు ఆగి, ఊపిరి వదిలినప్పుడు పిడికిలితో నెట్టాం. లోపల ఆ సంచి రెండు కొమ్ములుగా ఉంటుంది. రెండూ చివరిదాకా సర్దుకునేలా చెయ్యి మోచేతి పైదాకా లోపలికి పోనిచ్చాను.

బయట ఇంకా ఓకరింపులు వినిపిస్తున్నాయి.

"నీ మరిదికి నొప్పులొస్తున్నట్టున్నయ్ అక్కా," అంది బుగ్గమ్మ. "ఆయనకు గూడ జర గోనె పర్వాల్నా?"

ఎల్లా నవ్వాపుకోలేకపోయాడు.

బర్రె బతికింది. అది మళ్లీ మేతకు మూతి పెట్టేసరికి రామచంద్రయ్య చావడిలో చెబుతున్నాడు: "నేను రోలు కట్టకుంటే ఆ బర్రె సచ్చేదుండె." విన్నవాళ్లు అవ్ అవ్ అన్నారు.

ఆ పూటే తలుగు విప్పి బర్రెను బుగ్గమ్మ దొడ్డికి తోలుకుపోయాను. ఆయన అడ్డం వచ్చాడు.

"మగదిక్కు లేని కాడ దాన్నెవడు సూస్తడు వదినె?"

"మగదిక్కు సూసింది సాలు. జరుగు."

జరిగాడు. దుడ్డె ముందు ఉరికింది, బర్రె దాని వెంట నడిచింది.