కాత్యాయని పంపిన నలభై వేలు

ఐదింటిలోపు బాకీ అద్దె కట్టకపోతే గదికి తాళం మార్చేస్తానని సర్జాపురలో మా ఇంటి ఓనరు బసవరాజు పొద్దున్నే చెప్పేశాడు. ఉద్యోగం పోయి మూడు నెలలైంది. నా దగ్గర మిగిలిన కాసిని క్రిప్టో కాయిన్లని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే ఆశీష్ అనే అతను కొంటానన్నాడు. అతని డబ్బు అందాక నేను ‘రిలీజ్’ నొక్కితే కాయిన్లు అతనికి వెళ్తాయి.

నాలుగుంబావుకి నలభై వేలు పడ్డాయి. బ్యాంకు యాప్‌లో మూడుసార్లు చూశాను, నిజంగానే పడ్డాయి. పంపినవారి పేరు మాత్రం కాత్యాయని.

"ఈవిడెవరు?" అని చాట్‌లో అడిగాను.

"మా అమ్మ. త్వరగా రిలీజ్ చెయ్ సిస్టర్."

పేమెంటు కింద చిన్న నోట్ ఉంది: ‘కరెంటు పాత బాకీ అంతా కట్టేసినా సార్, లైన్ పీకొద్దండి.’

కన్నకొడుకుని ఏ తల్లీ సార్ అనదు. కరెంటు ఆఫీసు వాడినని ఆవిడని బెదిరించి, నా ఖాతాలో వేయించిన డబ్బది. రిలీజ్ నొక్కితే నాకు గది మిగులుతుంది. నా వేలు చాలాసేపు ఆ బటన్ మీదే ఉంది. చివరికి పక్కనున్న ‘ఫిర్యాదు’ నొక్కాను. విచారణ తేలేదాకా కాయిన్లూ కదలవు, ఆ డబ్బూ ముట్టుకోకూడదు.

కిందికి దిగితే బసవరాజు కొత్త తాళంతో నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, దుడ్డు వచ్చిందా?"

"వచ్చింది అంకుల్. కానీ నాది కాదు."

"ఎవురిదైతే నాకేమప్పా, ఇచ్చేయ్."

ఫోన్ తిప్పి ఆ నోట్ చూపించాను. రెండుసార్లు చదివాడు.

"అయ్యో పాపం," అన్నాడు. తాళం మాత్రం జేబులో పెట్టుకోలేదు.