రెండు డోళ్ళ నడుమ

అర్లీన్ మ్రోజెక్ తడి దుప్పటిని రెండు చేతులా పట్టి మిషన్లోంచి లాగింది. అది ఇంకో దుప్పటితో మెలిపడి ఉంది. విడదీసి, దులిపి, డ్రయ్యర్లో కుక్కి తలుపు మూసింది. పక్క డ్రయ్యర్లో ఎవరిదో కాన్వాసు బూటు బట్టలతో పాటు పడిపోయినట్టుంది, తిరిగినప్పుడల్లా ధన్‌మంటోంది. అదైనా సమంగా పడదు. రెండుసార్లు వేళకు పడి, మూడోసారి ఆలస్యమవుతుంది. ఆమె ఎడమకాలు దాంతో కలవబోయి, కలవలేక, సిమెంటు నేలమీద అటూ ఇటూ కదిలింది. ఇక భరించలేక మిషను ఆపి బూటును బయటికి తీసింది.

"మళ్ళీ ఆపావా?" అంది డెనీస్, ఖాళీ బండి తోసుకుంటూ వచ్చి. పై అంతస్తులో ముసలివాళ్ళకు స్నానాలూ మందులూ చూసుకునే పిల్ల. "పాపం ఆ బూటు ఏం చేసింది నిన్ను?"

"తప్పు కొడుతోంది."

"బూటా?"

"బూటే."

డెనీస్ నవ్వుకుంటూ పోయింది. అర్లీన్ ఆ బూటును బల్ల చివర ఆరబెట్టి, మళ్ళీ మీట నొక్కింది.

ఊరి చివర, సరస్సు గాలి తగిలేచోట ఉన్న ఆ వృద్ధుల హోమ్‌లో బట్టలుతికే గది నేలకింద ఉంది. కిటికీలు పైకప్పుకు ఆనుకుని ఉంటాయి. వాటిలోంచి గడ్డీ, నడిచేవాళ్ళ కాళ్ళూ తప్ప మరేం కనబడవు. అర్లీన్ పొడగరి. భుజాలు వెడల్పు, వాటిలో కుడిది కాస్త కిందికి వాలి ఉంటుంది. తెల్లజుట్టు మెడదాకా కత్తిరించుకుంటుంది. సబ్బునీళ్ళకు వేళ్ళ చివర్లు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. చిక్కుళ్ళ డబ్బాల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడికి వచ్చింది. అప్పటినుంచీ ఇక్కడే. ఆమె ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు లేరు. అన్నం కూడా నిలబడే తింటుంది.

ఇవాళ మరీ కాలు నిలవడం లేదు. రేపు జూలై నాలుగు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు. ఊరేగింపులో హెరాన్స్ అనే డోళ్ళూ బాకాల దళం పాతవాళ్ళంతా వాయిస్తూ నడుస్తారు. సాయంత్రం చర్చి వెనక ఆఖరి సాధన. ఆలోగా దళాన్ని నడిపించే డ్వేన్ సోరెన్సన్‌కు ఒక మాట చెప్పాలి. పొద్దున్నే ఫోన్ చేసి తిట్టినంత పని చేశాడు.

"ఇంకెన్నాళ్ళు నానుస్తావు? నార్బ్ డోలు దెబ్బ నువ్వు కొడతావా, ఆ ముక్కే తీసిపారెయ్యనా? సాయంత్రానికి తేల్చు."

"నార్బ్ ఇంకా ఉన్నాడుగా డ్వేన్."

"ఉన్నాడు. మంచంలో ఉన్నాడు. మంచాన్ని మెయిన్ స్ట్రీట్‌లో నడిపిస్తావా?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

హెరాన్స్‌లో పెద్ద డోళ్ళు ఐదు. అన్నిట్లోకి చిన్నది డ్వేన్‌ది, రెండోదీ ఐదోదీ స్టెఫెక్ అన్నదమ్ములవి, మూడోది అందరూ నార్బ్ అని పిలిచే నార్బర్ట్ ఫాబర్‌ది, నాలుగోది అర్లీన్‌ది. ఐదుగురూ ఒకే వరసలో భుజం భుజం కలిపి నిలబడతారు. డోలు పొట్టమీద అడ్డంగా వేలాడుతుంది, మూతలు రెండు పక్కలకీ ఉంటాయి. ముందున్న బాకాలు పాట పాడుతుంటే వెనక ఈ ఐదూ ఒక్కొక్క దెబ్బ చొప్పున కలిసి ఒక్క మాట పలుకుతాయి. మెట్ల మీంచి గుమ్మడికాయ దొర్లినట్టు ఉంటుంది ఆ చప్పుడు. వరసలో ఒక్కరు లేకపోతే గుమ్మడికాయ ఒక మెట్టు మీద మాయమై ఇంకో మెట్టు మీద తేలుతుంది.

ఒకరి వంతు విడిగా వింటే ఏ పాటా కాదు. పెళ్ళయిన కొత్తలో అర్లీన్ వంటగట్టు మీద తన వంతు వేళ్ళతో కొడుతుంటే మొగుడు వెర్నన్ అడిగాడు, "అదేం పాట?" అని. "పాట కాదు, అందులో నాది" అంది.  వెర్నన్ బ్రెడ్డు వ్యాను నడిపేవాడు, నెమ్మదైన మనిషి. ఒక ఆదివారం బేస్‌బాల్ ఆట చూస్తూ కుర్చీలోనే వెళ్ళిపోయాడు. అతని శవపెట్టె వెనక నడుస్తూ, మోసేవాళ్ళ అడుగుతో తన అడుగు కలవడం లేదని అర్లీన్ చిన్నగా గెంతి కాలు మార్చుకుంది. చూసినవాళ్ళు దుఃఖంతో తూలిందనుకున్నారు. చర్చి గుమ్మం దగ్గరున్న నార్బ్ ఒక్కడికే తెలిసింది అదేమిటో. అతను తల కిందికి దించుకున్నాడు, నవ్వు దాచుకోవడానికి.

మధ్యాహ్నం ఉతికిన బట్టల బండి తోసుకుంటూ ఆమె లిఫ్టులో పైకి వెళ్ళింది. ఆ పని డెనీస్‌దే, కానీ నార్బ్ ఈ హోమ్‌లో చేరినప్పటినుంచీ అతని గది ఉన్న వరండా వరకూ అర్లీన్ తనే వెళుతోంది. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి బట్టల గొట్టం వైపు చూడకుండా ఉండలేదు. అన్ని అంతస్తుల నుంచీ మాసినవి అందులోంచే జారిపడతాయి. మామూలు రోజుల్లో దుప్పట్లూ తువ్వాళ్ళూ పడతాయి. మనిషి పోతే మంచం మీది బట్టలన్నీ ఒక్కసారే దిగుతాయి, చుట్టూ కట్టిన తెరతో సహా. ఈ ఇంట్లో ఎవరు వెళ్ళిపోయారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నార్బ్ దిళ్ళకు ఆనుకుని కూర్చున్నాడు. ఇనుము పోతపోసే కార్ఖానాలో పనిచేసి పనిచేసి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ముక్కులో గాలి గొట్టం ఉంది. కాళ్ళమీద ఇంటినుంచి తెచ్చుకున్న ఎరుపూ నలుపూ గళ్ళ కంబళి.

"ఏం నాలుగో నంబరూ, మొహం వేలాడేశావు?"

"డ్వేన్ ఫోన్ చేశాడు."

"అరిచాడా?"

"అరిచాడు."

"అయితే ఆరోగ్యంగానే ఉన్నాడు." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "కొట్టెయ్యి. నా దెబ్బ కొట్టెయ్యి, గొడవ వదిలిపోతుంది."

"నీది నేనెందుకు కొడతాను? నువ్వే వచ్చి కొట్టుకో."

"ముక్కులో ఈ గొట్టం, దాని కింద డోలా? క్రిస్మస్ చెట్టులా ఉంటాను."

అర్లీన్ నవ్వలేదు. శుభ్రంగా ఉన్న దిండు గలేబును మళ్ళీ మడతపెట్టసాగింది. "ఖాళీగా వదిలేద్దాం నార్బ్. అప్పుడు అలాగే చేసేవాళ్ళం కదా. ఎవరికైనా జ్వరం వస్తే ఆ చోట్లోకి ఎవర్నీ రానిచ్చేవాళ్ళం కాదు. ఖాళీని కూడా మనతో పాటు నడిపించుకుపోయేవాళ్ళం."

"చోటు ఖాళీగా ఉండొచ్చే. దెబ్బ ఖాళీగా ఉండకూడదు. వినేవాళ్ళు మనకు రాదనుకుంటారు."

"అనుకోనీ. మనిషి మంచంమీద ఉండగానే అతని కోటు తొడుక్కున్నట్టుంటుంది నాకు."

 నార్బ్ అడిగాడు, "దళంలో నీ ఆఖరి పోటీ గుర్తుందా?"

గుర్తుండకపోవడమా! ఇరవై ఒకటి నిండితే దళంలో చోటు లేదు, అది అందరికీ ఒకటే నియమం. ఆ వేసవంతా స్కూలు బస్సుల్లో ఊళ్ళు తిరిగి, తెలియని స్కూళ్ళ వ్యాయామశాలల్లో చెక్కనేల మీద పడుకుని, వేరుశనగ ముద్ద రాసిన రొట్టెలు తిని, బొబ్బలెక్కిన వేళ్ళకు టేపు చుట్టుకుని నడిచారు. చివరికి ఆ కాలేజీ మైదానం, దీపాల చుట్టూ పురుగులు, తెల్లబూట్ల కింద తడిగడ్డి. అయిపోయాక యూనిఫాం హ్యాంగరుకు తగిలించి తిరిగి ఇచ్చేసింది. రెండు వేసవులు గడిచేసరికి దళమే లేదు. కానీ ఆ చివరి పాట మాత్రం ఆమెకు ఎక్కడా చెక్కు చెదరలేదు.

"ఒక్క దెబ్బ పొల్లుపోలేదు ఆ రోజు" అంది.

నార్బ్ నవ్వాడు. నవ్వు దగ్గైంది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. "చివరి పాటలో నువ్వు ఒక్కటీ కొట్టలేదు."

"ఏం వాగుతున్నావు?"

"ఏడుస్తున్నావు. చేతిలో కర్ర గాల్లోనే ఉండిపోయింది. జడ్జి మనిద్దరి ఎదురుగా వంగి చెవి పెట్టి నిలబడ్డాడు, ఎక్కడ తప్పు పడుతుందా, మార్కు తగ్గించి గీత పెడదామా అని. నీ మూతకీ నా మూతకీ జానెడు దూరం. మణికట్టు ఇటు తిప్పితే నాది, అటు తిప్పితే నీది. రెండూ నేనే కొట్టాను. ఆయన వింటూనే పక్కకు పోయాడు."

అర్లీన్ మంచం అంచున కూర్చుంది. తను కూర్చున్నట్టు ఆమెకు తెలియలేదు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఎన్నిసార్లు చెప్పావు నాకు ఆ కథ, ఒక్క దెబ్బ పొల్లుపోలేదని! ముచ్చటగా ఉండేది వినడానికి. ఎందుకు చెడగొట్టాలి?"

బయట కారు ఒకటి కంకర మీద తిరిగి వెళ్ళిపోయింది. ఆమెకు మొదట కోపం వచ్చింది. అది ఎవరి మీదో తెలియక చేతిలో గలేబును పిండింది. తర్వాత లేచి మంచం పక్క కడ్డీ దగ్గరికి వచ్చింది.

"నీది ఎక్కడ పడుతుందో చూపించు."

"అన్ని వేసవులు నా పక్కన నిలబడి తెలీదా?"

"నాది లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని."

"అందరం అంతే." అతను చూపుడువేలితో కడ్డీ మీద కొట్టాడు. "ఇది డ్వేన్. ఇది పెద్ద స్టెఫెక్. ఇది నేను. ఇక్కడ నువ్వు. కొట్టు."

కొట్టింది.

"కంగారు. నీకెప్పుడూ కంగారే. మధ్యలో నేనున్నానని ఆగేదానివి, లేకపోతే ఊరుదాటి పోయేదానివి. ఇప్పుడు నువ్వే ఆగాలి. మళ్ళీ."

మళ్ళీ కొట్టింది. మళ్ళీ తిట్టాడు. గొంతు తగ్గిపోతున్నా తిట్లు తగ్గలేదు. ఆఖరికి ఒకసారి రెండు దెబ్బలూ కుడీ ఎడమా సరిగ్గా ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. నార్బ్ కళ్ళు మూసుకుని తల ఊపాడు.

"అదీ. ఇక పో, పనిచూసుకో. సిగ్గులేకుండా మగాడి మంచం మీద కూర్చున్నావు."

కిందికి వచ్చి బట్టలు మడతపెడుతూ ఆమె బల్లమీద అదే కొట్టింది. తువ్వాలు మడవడం, రెండు దెబ్బలు. దుప్పటి మడవడం, రెండు దెబ్బలు. చాలాకాలానికి మొదటిసారి ఆమెకు డ్రయ్యర్ల చప్పుడు వినబడలేదు.

గొట్టంలో ఏదో మెత్తగా పడింది. దిండు. ఆమె చేయి బల్లమీద ఆగింది. ఆ వెంటే ఒక దుప్పటి. ఇంకొకటి. తర్వాత లేతాకుపచ్చ తెర, దాని రింగులు రేకుకు గీసుకుంటూ, తీరిగ్గా వచ్చింది. అన్నిటి మీదా ఎరుపూ నలుపూ గళ్ళ కంబళి పడింది.

డెనీస్ మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నిద్రలోనే అర్లీన్. నేను మందు ఇవ్వడానికి వెళ్ళేసరికే."

"సరే."

"ఇవాళ్టికి నేను చూస్తాలే ఇవి. నువ్వు ఇంటికి పో."

"కంబళి చన్నీళ్ళలో వెయ్యాలి. నీకు తెలీదు, కుంచించుకుపోతుంది" అంది అర్లీన్. తనే వేసింది. నీళ్ళు నిండి అది లోపల ఒక పక్కకు ఒరిగేదాకా గాజుతలుపు ముందు నిలబడింది. అంతసేపూ కాళ్ళు కదలలేదు.

సాయంత్రం చర్చి వెనక తారునేల ఇంకా వేడిగానే ఉంది. బాకాలవాళ్ళు ఓ మూల పెదాలు తడుపుకుంటూ తలా ఒక స్వరం ఊదుతున్నారు. పొట్టలు పెరిగినవాళ్ళు, మోకాళ్ళకు పట్టీలు కట్టుకున్నవాళ్ళు, పాత టోపీలు పెట్టుకుని పిల్లల్లా తోసుకుంటున్నారు. స్టెఫెక్ అన్నదమ్ములు డోళ్ళు తగిలించుకుని సిద్ధంగా ఉన్నారు. డ్వేన్ ఆమెను చూడగానే ఎదురొచ్చాడు.

"తేల్చావా?"

"నేనే కొడతాను."

"నీ డోలు మీద కొడితే శ్రుతి కాస్త తక్కువగా పలుకుతుంది. పర్లేదు, వీధిలో ఎవరికీ తెలీదు."

"మనకు తెలుస్తుంది."

"ఆ, మనకు తెలుస్తుంది" అన్నాడు డ్వేన్, ఎన్నడూ లేనంత మెల్లగా.

అతని భార్య మార్లిస్ కారులోంచి ఒక మడతకుర్చీ తీసి మోసుకొచ్చింది. తెలుపూ ఆకుపచ్చా నవారు అల్లిన పెరటి కుర్చీ, చేతులున్నది. దాన్ని వరసలో నార్బ్ నిలబడే చోటికి సరిగ్గా ఎదురుగా, మేపుల్ చెట్టు నీడలో వేసి, ఊగకుండా ఉందో లేదో నొక్కి చూసింది.

"నార్బ్ ఏడీ?" అంది చుట్టూ చూస్తూ. "మధ్యాహ్నం ఫోన్ చేశాడు. అర్లీన్ నాది కొడుతోంది, వినాలి, ఎలాగో హోమ్‌వాళ్ళని బతిమాలుకుని వస్తాను, వీపు ఆనే కుర్చీ వెయ్యి, నీడలో వెయ్యి అని ఒకటే పోరు. ఎవరు తీసుకొస్తున్నారు?"

అర్లీన్ భుజాల మీదికి డోలు పట్టీలు ఎక్కించుకుంటోంది. ఒక పట్టీ మెలిపడింది. దాన్ని సరిచేసుకుంది.

"మూడింటికి పోయాడు మార్లిస్. నిద్రలోనే."

బాకాల మూల నుంచి ఎవరో నవ్వుతున్నారు, వాళ్ళకింకా తెలియదు. చిన్న స్టెఫెక్ టోపీ తీశాడు. మార్లిస్ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. డ్వేన్ తన డోలు తగిలించుకున్నాడు. "నిలబడండి" అన్నాడు చివరికి.

నలుగురూ నిలబడ్డారు. పెద్ద స్టెఫెక్‌కూ అర్లీన్‌కూ నడుమ ఒక మనిషి పట్టే చోటు వదిలారు. దాన్ని ఎవరూ చూడలేదు. డ్వేన్ కర్ర ఎత్తాడు. అతని దెబ్బ పడింది, స్టెఫెక్‌ది పడింది. అర్లీన్ ఆగింది. ఆ ఆగడం ఎంతసేపో ఆమెకు తెలుసు. నార్బ్‌ది కొట్టింది. ఆ వెంటే తనది. చిన్న స్టెఫెక్ చివరి మెట్టు దాకా దొర్లించాడు. శ్రుతి తగ్గింది. మాట మాత్రం ఎక్కడా తెగలేదు.

"ఇంకోసారి" అన్నాడు డ్వేన్, వాళ్ళకు వీపు తిప్పి.

మళ్ళీ కొట్టారు. మళ్ళీ. ఆ తర్వాత బాకాలు వచ్చి ముందు నిలబడ్డాయి. దళమంతా ఎడమకాలితో కదిలి గేటు దాటి వీధిలోకి మళ్ళింది. మార్లిస్ కూడా పక్కనే నడుస్తూ వెళ్ళింది. డోళ్ళ చప్పుడు సందు చివరికి, అక్కడినుంచి సరస్సు వైపుకు పోయింది. మేపుల్ చెట్టు నీడ జరిగిపోయింది. పల్చటి ఎండలో ఆ పెరటి కుర్చీ ఒక్కటే ఉంది, నవారు ఇంకా బిగువుగా, ఎవరూ కూర్చోక.