ఏ తల ఎవరిది

మా అన్న బాలేష్ గదికి బయట గొళ్ళెం పెట్టి వచ్చి, నాయిన పెళ్లివారికి కుర్చీలు వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ పోయాక ఇంట్లో ఉన్నదే ముగ్గురం. అన్నకు కొన్నేళ్ల కింద ఎవరూ లేనిచోట మాటలు వినబడేవి. మందులు వాడుతున్నాడు. ఇప్పుడు గౌడవెల్లిలో ఎవరి బోరు మోటారు ఆగినా అన్నే బాగుచేస్తాడు. అయినా నన్ను చూడడానికి ఎవరొచ్చినా అన్న గదిలోకి, గొళ్ళెం బయటికి. అన్న నవ్వుతూనే లోపలికి వెళ్తాడు. అదే నాకు ఇంకా మంట.

శామీర్‌పేట నుంచి వచ్చిన జనార్ధన్‌కు భూములున్నాయి, మాటలు అంతకన్నా ఎక్కువున్నాయి. ఒక పక్క ఆయన తల్లి బుచ్చమ్మ, ఇంకో పక్క ఆయన కొడుకు, పెళ్లికొడుకు శ్రవణ్. శ్రవణ్ ఫోన్లోంచి తలెత్తలేదు.

"పిల్ల నచ్చింది. గని పిల్లకు సుత తలకాయ స్కాన్ తీసిండ్రంట గద?" అన్నాడు జనార్ధన్.

నిజమే. అన్నకు వచ్చిన జబ్బు మీద పరిశోధన చేసేవాళ్లు, పోల్చి చూడడానికి జబ్బు లేని తోబుట్టువులు కూడా కావాలన్నారు. నేనే ఇష్టపడి వెళ్లి ఆ డబడబలాడే మిషన్లో పడుకున్నాను. ఊరు మాత్రం నాకూ పిచ్చి అంటుకుందని తేల్చేసింది.

"మంచిగున్నట్టు గా ఫొటో సూపెట్టమ్మా, మా పరేషాన్ పోతది. ఇగ పెండ్లి నాడు మీ పోరన్ని యాడనన్న దూరం ఉంచుండ్రి."

నాయిన తల వంచుకున్నాడు. ఈ గొళ్ళెం వీళ్ల ముందే తీయాలని అప్పుడే అనుకున్నాను. లోపలికి వెళ్లి రెండు ఫిల్ములు తెచ్చి, పేర్లున్న మూలలకు టేపు అతికించి, కిటికీ వెలుగులో పట్టుకున్నాను.

"ఒకటి నాది, ఒకటి మా అన్నది. ఏది ఎవరిదో మీరే చెప్పుండ్రి."

జనార్ధన్ కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు. "గిదే మీ అన్నది. నడుమ నల్లగ బొక్క పడ్డది సూడు."

టేపు పీకాను. కింద సుచిత్ర అని నా పేరు.

"అయ్యో, గట్లయితే పిల్లకు సుత ఉన్నట్టే గదరా!" అంది బుచ్చమ్మ, గుండెల మీద చెయ్యేసుకొని.

నాకు నవ్వాగలేదు. "గది అందరి తలల నీళ్లుండే జాగ, అవ్వా. నీ తలల ఉంటది, నీ కొడుకు తలల ఉంటది. వందల మంది ఫొటోలు కలిపి లెక్కగడితె గని తేడా తెల్వదంట. ఒక్క ఫొటో సూసి డాక్టరే చెప్పలేనన్నడు. మరి మీకెట్ల తెలిసింది మా అన్నను దాచాలని? మా అన్న ముందు కూసోకుంటె గా పెండ్లే నాకొద్దు."

"పిల్లకు నోరు మస్తున్నది," అంటూ జనార్ధన్ లేచాడు.

నేను గొళ్ళెం వైపు నడిచాను. నాకన్నా ముందే నాయిన వెళ్లి తలుపు తీశాడు.

"బయటికి రా బిడ్డా," అన్నాడు. "నీ స్క్రూడ్రైవర్ తెచ్చుకో."

వాళ్ల కారు ఇంకా వెనక్కి తిరుగుతూనే ఉంది. అన్న తలుపు ముందు కూర్చొని గొళ్ళెం స్క్రూలు ఒక్కొక్కటే విప్పుతుంటే నాయిన వాటి కింద అరచెయ్యి పట్టాడు. చివరిది తుప్పు పట్టి కదల్లేదు.

"గట్టిగ తిప్పు," అన్నాడు నాయిన.