ఫ్యామిలీ బోటులో ఆడవాళ్ళు నీళ్ళు తాగరు

బోటుకి రెండు పక్కలా "కుటుంబ సమేతంగా హాయిగా చేపల వేట" అని నీలం రంగుతో రాయించుకున్న మహానుభావులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. మీ కుటుంబాల్లో ఆడవాళ్ళు లేరా? ఉంటే వాళ్ళకి మూత్రం రాదా? ఈ మాటకి ముఖం చిట్లించుకునేవాళ్ళు చిట్లించుకోండి. ఇన్నేళ్ళు పొత్తికడుపు బిగబట్టుకుని మీ పడవల మీద తిరిగినదాన్ని, నా దగ్గర మొహమాటం మిగల్లేదు. మీలో మొదటివాడు నా మొగుడే కాబట్టి ఆయనతోనే మొదలుపెడతాను.

మాది నెమ్మదైన బోటు. దూరం పోదు, పెద్ద అలల్లోకి పోదు. రేవులో నిలబడితే కనిపించే పగడపు దిబ్బ దాకా వెళ్ళి అక్కడ లంగరు వేస్తుంది. అక్కడ నీళ్ళు లోతు ఉండవు. అడుగున రాళ్ళూ, రాళ్ళ సందుల్లో తిరిగే చారల చేపలూ పైనుంచే కనిపిస్తాయి. చిన్నపిల్లలు కూడా కూర్చున్న చోటి నుంచే గాలం వేసుకోవచ్చు. మెత్తటి సీట్లు, పైన ఎండ తగలకుండా గుడ్డ పందిరి, ఒక్క కుటుంబానికే బోటంతా. దిగేటప్పుడు అందరూ ఒకటే మాట, "అబ్బ, ఎంత హాయిగా ఉందండీ!" ఆ హాయి ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగరు. నేను తెల్లవారేసరికి రేవులో ఉంటాను. ఐస్ మోస్తాను, ఎరకి రొయ్యలు కోస్తాను, నిన్నటి పిల్లాడి వాంతి ఆరిపోయిన సీటు గీకి కడుగుతాను, లైఫ్ జాకెట్లు ఆరేస్తాను, చిక్కుపడిన గాలాల దారాలు విడదీస్తాను. అందరూ ఎక్కాక పిల్లలకి ఎర గుచ్చిపెడతాను, కళ్ళు తిరిగినవాళ్ళ తల పట్టుకుంటాను, దొరికిన చేపని గాలం నుంచి తప్పిస్తాను, తర్వాత దాన్ని కడిగి ముక్కలు చేసి సంచిలో పెట్టి ఇస్తాను. మా ఆయన టోపీ పెట్టుకుని స్టీరింగ్ తిప్పుతాడు. ఆయన్ని కెప్టెన్ అంటారు. నన్ను ఏమనాలో ఎవరికీ తెలియదు. కొందరు అక్కా అంటారు, కొందరు ఆంటీ అంటారు, ఒకాయనైతే పొద్దున్నుంచి దిగేదాకా "హలో" అనే పిలిచాడు. బోటు వాళ్ళ ఆవిడ పని పని కాదు కదా, తోడు రావడం. "ఇంట్లో ఒక్కదానివే ఏం చేస్తావు, సరదాగా రా" అని మా ఆయనే మొదటిరోజు పిలిచాడు. ఆ సరదా ఇంకా తీరలేదు.

ఈ సరదాలో నేను నీళ్ళు తాగను. పొద్దున మాత్ర మింగడానికి ఒక గుక్క, అంతే. మధ్యాహ్నం రేవుకి తిరిగొచ్చి, అందరినీ దింపి, సామాన్లు దించి, ఆ తర్వాత టికెట్ల గది వెనకున్న దొడ్డిలోకి పరుగు. బోటు మీద చోటు లేక కాదు. బోటు కట్టినవాడు బుద్ధిమంతుడు, ముందువైపు చిన్న గది కట్టి, తలుపు పెట్టి, అందులో సీటు బిగించే ఇచ్చాడు. మా ఆయన కొన్న నెలలోనే ఆ సీటు పీకించి పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు. "నాలుగు గంటల ట్రిప్పుకి టాయిలెట్టా? వాసనొస్తుంది. రోజూ ఎవరు కడుగుతారు?" అన్నాడు. మిగతావన్నీ ఆయనే కడుగుతున్నట్టు! ఇప్పుడు ఆ గదిలో చల్లటి బీరు సీసాలు పెట్టుకునే రెండో ఐస్ పెట్టె ఉంది. వచ్చిన మగవాళ్ళు దాన్ని చూసి, "కెప్టెన్, మీ ఏర్పాట్లే ఏర్పాట్లు" అంటారు. తాగుతారు. తాగినదంతా బయటికి పోవాలి కదా. బోటు వెనక్కి వెళ్ళి, ఇంజను పక్కన నిలబడి, "లేడీస్, కాస్త అటు తిరగండమ్మా" అని నవ్వుతారు. మేం అటు తిరుగుతాం. పసిపిల్ల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలావిడ దాకా ఆడవాళ్ళందరం క్లాసులో శిక్ష పడ్డ పిల్లల్లా ఒకే దిక్కుకి తిరిగి సముద్రం చూస్తాం. ఎంత సముద్రం చూశానో నేను! చూసిందంతా మొహం తిప్పుకునే చూశాను.

రేవులో అందరి బాధా ఇదే. నీలం పడవ నడిపే ఆయన భార్య ఉంది, బోటు ఆపిన ప్రతిసారీ బట్టలతోనే సముద్రంలోకి దూకేస్తుంది. "ఆవిడకి ఈతంటే ఎంత పిచ్చో!" అని ఎక్కినవాళ్ళు మురిసిపోతారు, ఫోన్లలో వీడియో కూడా తీస్తారు. ఆవిడకి ఈతంటే పరమ అసహ్యం. చలికాలంలో కూడా దూకుతుంది, వణుకుతూ ఎక్కుతుంది, తడిబట్టలతోనే ఎర గుచ్చుతుంది. నాకు ఆ ధైర్యం లేక, ఆపుకుని ఆపుకుని మూత్రంలో మంట తెచ్చుకున్నాను. జ్వరంతో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడం ఆ ఏడు అది మూడోసారి.

"నీళ్ళు తాగుతున్నారా?" అంది ఆవిడ.

"బోటు మీద పనండీ."

"అయితే?"

"అక్కడ పోవడానికి చోటుండదండీ."

"మరి మగవాళ్ళు?"

"వాళ్ళకి సముద్రం ఉందండీ."

ఆవిడ రాస్తున్నది ఆపి నా మొహం చూసింది. "ఇంకోసారి ఇలా వచ్చిందంటే కిడ్నీల దాకా పాకుతుంది. నేను చెప్పానని మీ ఆయనకి చెప్పండి" అంది. చెప్పాను. "డాక్టర్లకేం, భయపెట్టకపోతే వాళ్ళకి గడవదు. బార్లీ నీళ్ళు తాగు" అన్నాడు. ఎప్పుడు తాగాలి అన్నాను. "సాయంత్రం ఇంటికొచ్చాక తాగు" అన్నాడు. పక్కనే మా అత్తగారు కూరగాయలు తరుగుతోంది. "ఆపుకోవడం రాకపోతే ఎలాగమ్మా? నేను పొద్దున బస్సెక్కితే సాయంత్రం పుట్టింట్లో దిగేదాన్ని. దారిలో ఒక్కచోటైనా దిగానేమో అడుగు" అంది గర్వంగా. ఇప్పుడు ఆవిడ గట్టిగా తుమ్మితే చాలు, చీర మార్చుకోవడానికి లోపలికి పరిగెడుతుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని మా ఇంట్లో ఎవరూ అనరు. ఆవిడైతే అసలే అనదు. అప్పటి గర్వం తప్ప ఆ బస్సు ప్రయాణాల నుంచి పాపం ఆవిడకి ఇంకేం మిగిలింది?

ఇవాళ ఆదివారం, పొద్దున ఒక కుటుంబం ఎక్కింది. బ్యాంకులో పనిచేసే ఆయన, ఆయన భార్య, తల్లి, తమ్ముడు, పదేళ్ళ కూతురు. ఆ పిల్లని పిచ్చుక అని పిలుస్తున్నారు. పేరుకి తగ్గట్టే నోరు మూయదు. "ఆంటీ, చేపకి నొప్పేస్తుందా? ఆంటీ, ఈ రొయ్యకి కళ్ళేవి? ఆంటీ, నేను పెద్దదాన్ని పడితే మీ బోటుకి నా పేరు పెడతారా?" అని నా పక్కనే తిరిగింది. దిబ్బ దగ్గర లంగరు వేసిన కాసేపటికే చేపలు తగలడం మొదలైంది. అందరికంటే ముందు పిచ్చుక గాలానికే చారల చేప పడింది. పిల్ల గెంతిన గెంతుకి బోటు ఊగింది. "అదృష్టం నీది కాదే, కెప్టెన్ గారిది" అన్నాడు వాళ్ళ బాబాయి. ఎర గుచ్చింది నేను, పట్టింది పిల్ల, అదృష్టం కెప్టెన్‌ది.

తర్వాత మామూలే. సీసాలు తెరిచారు. బ్యాంకాయనా, తమ్ముడూ వంతులేసుకుని ఇంజను పక్కకి వెళ్ళారు. "అటు తిరగండమ్మా" అన్నారు. తిరిగాం. పిచ్చుక తిరిగి, కాసేపు సముద్రం చూసి, "అమ్మా, నాక్కూడా వస్తోంది" అంది.

వాళ్ళమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆపుకో. ఇంకెంత, గంట."

"నాన్న వెళ్ళాడుగా? బాబాయి రెండుసార్లు వెళ్ళాడు."

మగవాళ్ళు పకపకా నవ్వారు. "ఆడపిల్లవి తల్లీ, ఆడపిల్ల అంటే ఓర్పు ఉండాలి" అన్నాడు తండ్రి, ముద్దుగా. నానమ్మ ఇంకాస్త ముద్దుగా, "నన్ను చూడు. షుగరున్నదాన్నే, బోటెక్కుతానని పొద్దుటి నుంచి నోట్లో నీటిచుక్క పోసుకోలేదు. మీ అమ్మా అంతే" అంది. ఆ మాట చెవిన పడినా తండ్రి దారం చుట్టుకుంటూనే ఉన్నాడు. కన్నతల్లికి షుగరు, పొద్దుటి నుంచి నీళ్ళు లేవు, నెత్తిన ఎండ. ఆయన దారం చూసుకుంటున్నాడు! నేను మా ఆయన దగ్గరికి వెళ్ళి, "ఏవండీ, రేవుకి పోదాం, దింపి మళ్ళీ వద్దాం" అన్నాను. "మతి పోయిందా? ఇప్పుడే చేపలు పడుతున్నాయి. వాళ్ళే అడగట్లేదు, మధ్యలో నీకెందుకు?" అన్నాడు పళ్ళ బిగువున.

వెనక్కి వచ్చేసరికి పిచ్చుక గాలం నాన్నకి ఇచ్చేసి సీటు చివర కూర్చుంది. కాలు మీద కాలు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా. ఎండకి మొహం కందిపోయింది. నీళ్ళ సీసా ఇచ్చాను.

"వద్దాంటీ" అంది.

"దాహంగా లేదూ?"

"ఉంది. తాగితే వస్తుంది."

ఎవరూ ఆ పిల్లకి కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. ఒక్క పూటలో నేర్చేసుకుంది. చేపకి నొప్పేస్తుందా అని అడిగిన పిల్ల తన నొప్పి సంగతి అడగడం మానేసింది. ఇక ఆ పిల్ల బస్సులో తాగదు, బడిలో తాగదు, ఆఫీసులో తాగదు, పెళ్ళిచూపుల్లో తాగదు. ఇరవై ఏళ్ళు పోయాక ఏదో డాక్టరమ్మ ముందు తలొంచుకుని కూర్చుంటుంది. నా ఒళ్ళు మండిపోయింది. కడుపులో మంట కాదు, అది వేరే, అది నాకు అలవాటే. ఇది నెత్తికెక్కిన మంట.

ముందు గది తలుపు బార్లా తెరిచాను. ఐస్ పెట్టె చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చి నడిబోటులో, ఎండలో పడేశాను. కర్రలు, వలలు, మా ఆయన రెండో టోపీ, అన్నీ బయటికి విసిరాను.

"ఏయ్, ఏం చేస్తున్నావ్!" అని స్టీరింగ్ దగ్గర్నుంచి లేచాడు మా ఆయన.

"గది ఖాళీ చేస్తున్నాను."

"ఐస్ కరిగిపోతుంది!"

"కరగనీండి."

ఎర బకెట్టు సముద్రపు నీళ్ళతో తోమి లోపల పెట్టాను. పక్కన మరో బకెట్టు నీళ్ళు, ఒక సబ్బుముక్క. "రా తల్లీ" అన్నాను. పిచ్చుక వాళ్ళమ్మ వంక చూసింది. వాళ్ళమ్మ మొగుడి వంక చూసింది. ఆయన కెప్టెన్ వంక చూశాడు. ఒక పిల్ల పాస్ పోసుకోవడానికి ఇంతమంది మొహాలు దాటాలా! నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తలుపు దగ్గరికి లాగి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

"సిగ్గులేకుండా ఏమిటండీ ఇది, కెప్టెన్ గారూ?" అన్నాడు తమ్ముడు, చేతిలో సీసాతో.

"మీరు రెండుసార్లు అందరి ముందూ పోశారు బాబూ. మేం తలుపు వేసుకున్నాం. సిగ్గు ఎవరికి ఉండాలో మీరే చెప్పండి" అన్నాను.

పిచ్చుక బయటికి వచ్చి నీళ్ళ సీసా లాక్కుని గటగటా తాగింది. "నానమ్మా, బాగుంది, నువ్వూ పో!" అని అరిచింది. ముసలావిడ "ఛీ, నోరు ముయ్" అంటూనే లేచింది. ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి, నేనూ కోడలూ చెరో చెయ్యీ పట్టుకున్నాం. చాలాసేపు రాలేదు. వచ్చాక కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరివంకా చూడకుండా, "అమ్మాయ్, కాసిని నీళ్ళుంటే పొయ్యి" అంది. ఆ తర్వాత కోడలు. ఆఖరున నేను. నేను బయటికొచ్చి నిలబడి, ఆ బోటు మీద మొదటిసారి, కడుపు నిండా నీళ్ళు తాగాను. మా ఆయన నావంక చూడకుండా లంగరు లాగాడు.

ఇంటికొచ్చాక మొదలైంది. "పరువు తీశావ్. బేరం పోయిందనుకో. సీసాలన్నీ వేడెక్కాయని ఆ తమ్ముడు ఎంత గొణిగాడో తెలుసా?" "ముసలావిడ పడిపోయి ఉంటే అప్పుడు ఎవరు గొణిగేవాళ్ళు?" అన్నాను. "పడిపోలేదుగా?" అన్నాడు. అదీ ఆయన లెక్క. ఆడది పడిపోయేదాకా ఏమీ జరగనట్టే. ఆఖర్న గొంతు మార్చి, బుజ్జగిస్తున్నట్టు, "సరేలే, అయిందేదో అయింది. రేపు ఇంకో ఫ్యామిలీ వస్తోంది, పిల్లలు కూడా ఉన్నారు. పొద్దున్నే ఐస్ పెట్టె మళ్ళీ లోపల సర్దెయ్" అన్నాడు.

సర్దను. మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "అది సర్దదులే" అంది కొడుకుతో. అంతే అంది, లోపలికి వెళ్ళిపోయింది. నేను చెప్పులు తొడుక్కుని రేవులో కుళాయి దగ్గరికి పోయాను. నీలం పడవ ఆమె జుట్టు పిండుకుంటోంది. జరిగింది చెప్పాను. అంతా విని, "నేను ఇంక దూకనే" అంది. పక్కన తమ పడవల సీట్లు కడుగుతున్న ఆడవాళ్ళిద్దరూ కుళాయి కట్టేసి వచ్చి కూర్చున్నారు.

కాబట్టి పడవల యజమానులారా, కెప్టెన్లారా, వినండి. రేపు పొద్దున మేం రేవులోనే ఉంటాం, గట్టు మీద కూర్చుని. రొయ్యలు కోయం, ఐస్ మోయం, వాంతులు కడగం, మీ ఏర్పాట్లు మీరే చేసుకోండి. మేం ఎక్కాలంటే ముందు గదిలోంచి సీసాలు బయటికి తీయండి. సీటు బిగించండి. కడగడం మీరూ నేర్చుకోండి, వంతులు వేసుకుందాం. ముసలివాళ్ళు పట్టుకుని లేవడానికి గోడకి ఒక కడ్డీ వేయించండి. గడియ లోపలివైపు పెట్టండి. వచ్చే నెల కాదు, బేరాలు తగ్గాక కాదు. రేపు పొద్దున, తాడు విప్పకముందే.